గుట్ట తరిగె, టైరు పెరిగె

మౌంటెన్ బైక్ తొక్కే వాళ్లందరి తరఫున ఈ నగరంలోని రియల్ ఎస్టేట్ వెంచర్ల యజమానులకు బహిరంగంగా కృతజ్ఞతలు చెప్పాల్సిన సమయం వచ్చింది. ఇంతవరకు ఎవరూ చెప్పలేదు కాబట్టి ఆ భారం నేనే నెత్తిన వేసుకుంటున్నాను.

ముందు మా సంగతి. మేము ఎనిమిది మందిమి. ప్రతి బుధవారం సాయంత్రం, హైదరాబాద్‌కి పడమరగా, గండిపేట దాటాక ఉన్న ఒక గుట్ట మీద బైకులు తొక్కుతాం. గుట్ట అనే అంటున్నాను, మౌంటెన్ అనడానికి నోరు రాదు. ఆ మాట కాలిఫోర్నియా వాళ్లది. 1976లో అక్కడి మారిన్ కౌంటీలో కొందరు కుర్రాళ్లు పాత సైకిళ్లు వేసుకుని కొండ మీది మట్టి బాటలో కిందికి పందేలు పెట్టుకున్నారు. దిగేసరికి వెనక బ్రేకులో గ్రీజంతా కాలి పొగైపోయేది. మళ్లీ కొత్త గ్రీజు కూరితే గానీ బండి కదిలేది కాదు. అందుకే ఆ పందేనికి రీప్యాక్ అని పేరు పడింది. వాళ్లకి గ్రీజు కాలింది, మాకు పెట్రోలు కాలుతోంది. ఎందుకంటే మా సైకిళ్లు గుట్ట దాకా కారెక్కి వస్తాయి. ఎనిమిది మందికి ఆరు కార్లు. కారు మీద పద్దెనిమిది కిలోమీటర్లు, కాళ్ల మీద తొమ్మిది. వ్యాయామం ఎవరికి ఎక్కువైందో మెకానిక్‌ని అడగాలి.

ఐదున్నర షార్ప్ అని అడ్మిన్ గ్రూపులో పెడతాడు. ఈ షార్ప్‌ని పెళ్లి శుభలేఖలో ముహూర్తంలా చదువుకోవాలి, భోజనాల టైము వేరే ఉంటుంది. ఐదున్నరకి ఇద్దరొస్తారు. ఆరింటికి ఐదుగురవుతాం. ఒకాయన ఆరుంబావుకి వచ్చి, కారు తలుపు తీసి, హెల్మెట్ పెట్టుకుని, గ్లవ్స్ వేసుకుని, పిరుదుల దగ్గర స్పాంజి కుట్టిన ఆ నిక్కరులో గట్టు మీద నిలబడి "స్క్రీన్ కనిపిస్తోందా?" అని అమెరికా వాళ్లని అడుగుతుంటాడు. వాళ్లకి స్క్రీన్ కనిపిస్తుంది. మాకు మిగతాదంతా కనిపిస్తుంది. ఈలోపు పొద్దుగూకుతుంది. కార్తీకంలో ఐదూ నలభైకే చీకటి పడుతుందని తెలిసీ ఐదున్నరకి పెట్టడంలో ఉన్న రహస్యం లైట్లు. వెయ్యి ల్యూమెన్ల లైటు కొన్నవాడికి పగలు తొక్కితే గిట్టుబాటు కాదు.

2023లో అవుటర్ రింగు రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ కట్టారు, పైన సోలార్ పలకల కప్పుతో. చక్కటి నీడ, నున్నటి దారి, రాత్రి దీపాలు. దాని మీద మాకు చిన్నచూపు. అక్కడ పడటానికి వీలుండదు. పడకపోతే గురువారం ఆఫీసులో మోచేయి చూపించి చెప్పుకోవడానికి ఏముంటుంది?

ఇక అసలు విషయం. పన్నెండేళ్లుగా ఈ గుట్టని, నా సైకిలునీ పక్కపక్కన పెట్టి గమనించి ఒక సూత్రం కనిపెట్టాను. నా మొదటి బైక్‌కి 26 అంగుళాల చక్రాలు, ముందు ఫోర్క్, అంటే చక్రాన్ని పట్టుకుని కుదుపుకి కుంగే జోడు కాళ్లు, ఎనభై మిల్లీమీటర్లు కుంగేది. అప్పుడు గుట్ట ఎక్కడానికి ఇరవై నిమిషాలు పట్టేది, మధ్యలో రెండుసార్లు దిగి తోసుకునేవాళ్లం. తర్వాత 27.5 వచ్చింది. ఇప్పుడు నాది 29 అంగుళాల చక్రం, ఫోర్క్ నూట నలభై, వెనక కూడా షాక్, సీటు మీట నొక్కితే లిఫ్టులా దిగుతుంది. గుట్ట మాత్రం ఆరు నిమిషాల్లో అయిపోతోంది. నా కాళ్లలో బలం పెరిగిందేమో అని కొన్నాళ్లు మురిసిపోయాను. తీరా చూస్తే గుట్ట అవతలి సగం లేదు. సూత్రం ఇదీ: గుట్ట ఎత్తు, ఫోర్క్ కుంగుడు కలిపితే ఎప్పుడూ ఒకటే. ఒకటి తరిగినంత రెండోది పెరుగుతుంది. ఇంకో పదేళ్లకి నేల చదునవుతుంది, కుదుపులన్నీ సైకిల్లోనే ఉంటాయి.

దీన్ని చూసి కొందరు కన్నీళ్లు పెట్టుకుంటారు. ఈ బండల వయసు 250 కోట్ల ఏళ్లు, వాటిని పేల్చేస్తారా అని. నిజమే, వయసు అంతే. కానీ ట్రెయిల్ తొక్కేవాడి కళ్లతో చూడండి. 250 కోట్ల ఏళ్లు ఎండకీ వానకీ అరిగి ఆ బండలు సాధించిందేమిటి? ఒకదాని మీద ఒకటి ఊరికే కూర్చున్నాయి. వెంచర్ వాళ్లు ఒక్క వేసవిలో వాటిని టైరు పట్టుకి సరిపోయే కంకర చేసి పరిచారు. మొరం కుప్పలు పోశారు, అవి మాకు జంపులు. డ్రైనేజీకి కాలవ తవ్వి పైపులు వేయకుండా వదిలేశారు, అది మాకు డ్రాప్, అంటే సైకిలుతో కిందికి దూకే చోటు. సర్కారు తుమ్మ కొట్టేసి జేసీబీతో దారి చేశారు. విదేశాల్లో ఇలాంటి దారి వేయడానికి వాలంటీర్లు శని, ఆదివారాలు పారలు పట్టుకుని చెమటోడుస్తారట. మాకు అనుమతి పత్రాల ఖర్చు కూడా వాళ్లే పెట్టుకున్నారు, అనుమతులు ఉంటే.

గుట్టలు పోతున్నాయని బాధపడే అర్హత నాకుందా అన్నది వేరే ప్రశ్న. నేనుండేది ఎనిమిదో అంతస్తులో. రాక్ వ్యూ అని చదరపు అడుగుకి అదనంగా కట్టి మరీ కొన్నాను. రెండేళ్లకి ఆ రాక్ చోట ఇంకో టవర్ లేచింది. వాళ్లూ రాక్ వ్యూకే కట్టి ఉంటారు పాపం, ఇప్పుడు వాళ్లకి కనపడేది నేను ఆరేసిన బనీన్లు. ఇందులో మోసమేమీ లేదు. కొండాపూర్‌లో కొండ ఏదని ఎవరైనా అడుగుతున్నారా? హిల్ వ్యూ అని పేరు పెట్టాలంటే ముందు హిల్ తీసేయాలి, లేకపోతే వ్యూకి అడ్డం.

పోయిన బుధవారం ఇలాగే దిగుతున్నాం. ముందు అడ్మిన్, చివర్న స్వీప్, అంటే అందరి వెనకా ఉండి చూసుకునేవాడు, మధ్యలో మేము. మాది ఎవర్నీ వదిలిపెట్టని రైడ్. అంటే వెనకబడిన వాడి కోసం అందరూ ఆగుతారు, ఆగినంతసేపూ ఫోన్లు చూసుకుంటారు, వాడు రొప్పుతూ వచ్చి అందుకోగానే బయల్దేరతారు. విశ్రాంతి దొరకని వాడు వాడొక్కడే. ఎక్కడో నెమళ్లు అరుస్తున్నాయి. మలుపులో నా లైటు వెలుగులో తెల్లగా ఏదో మెరిసింది. ప్లాట్ల హద్దు రాయి. కిందటి వారం లేదు. సున్నం ఇంకా తడిగానే ఉంది, మీద ఎర్ర రంగుతో 114. ముందు చక్రం తప్పించాను, వెనక చక్రాన్ని రాయి అంచు నిలువునా కోసింది. ట్యూబ్‌లెస్ టైరు కదా, లోపలి తెల్ల ద్రవం బుస్సుమని నా పిక్కల మీద చిమ్మింది. పల్లేరు కాయ గుచ్చుకుంటే ఆ ద్రవమే పూడుస్తుంది. రెండంగుళాల చీలికని అది పూడ్చదు.

లైట్లు చూసి వాచ్‌మన్ కర్ర పట్టుకుని వచ్చాడు. ఎనిమిది నెత్తుల మీద ఎనిమిది దీపాలు చూసి ఏమనుకున్నాడో, ముందు నమస్తే పెట్టాడు.

"ప్లాట్లు చూడనీకి వచ్చిన్రా సార్? ఆఫీస్ బంద్ జేసిన్రు. పొద్దుగాల రండ్రి."

"కాదన్నా, సైకిల్ తొక్కనీకొచ్చినం."

"గీ చీకట్ల గుట్ట మీదనా? రోడ్డు లేకనా సార్?"

దీనికి మా ఎనిమిది మంది దగ్గరా జవాబు లేదు. ఆయన అడ్మిన్ సైకిలు చుట్టూ ఒకసారి తిరిగి, టైరు నొక్కి, ఎంతైతదని అడిగాడు. "పన్నెండు వేలు" అన్నాడు అడ్మిన్. ఇంట్లో నలభై వేలని చెప్పాడు. అసలు ధర తెలిసింది అతనికీ, క్రెడిట్ కార్డు వాళ్లకీ మాత్రమే. వాచ్‌మన్‌కి పన్నెండు వేలే ఎక్కువనిపించింది. "స్టాండు కూడ లేదు," అన్నాడు.

తర్వాత కాసేపు నిశ్శబ్దం. గుట్టల గురించి గంట ఆపకుండా మాట్లాడగల మనుషులం, కిందటి నెలే ప్రకృతిని కాపాడమని పిటిషన్ మీద సంతకాలు చేసిన వాళ్లం. ఆ నిశ్శబ్దంలోంచి అడ్మిన్ గొంతు మెల్లగా వచ్చింది.

"అన్నా, గజం ఎంత?"

ఆయన చెప్పాడు. ఎనిమిది లైట్లూ ఒక్కసారి 114 వైపు తిరిగాయి. తూర్పు ముఖమా, కార్నర్ బిట్టా, ముందు ఎన్నడుగుల రోడ్డు అని ప్రశ్నలు మొదలయ్యాయి. నా పిక్కలు జిగురెక్కుతున్నాయి. వాచ్‌మన్ గదిలోకెళ్లి బ్రోచర్ తెచ్చి ఇచ్చాడు. దళసరి కాగితం, నిగనిగలాడుతోంది. అట్ట మీద పచ్చటి కొండ, దాని మీద తెల్లాయన ఒకడు మౌంటెన్ బైక్ మీద గాల్లో ఎగురుతున్నాడు. కింద "ప్రకృతి ఒడిలో మీ సొంత ఇల్లు".

ఇంతలో స్వీప్‌కి నా టైరు గుర్తొచ్చింది. ట్యూబ్ వేస్తే చీలికలోంచి ఉబ్బి పగులుతుంది, లోపల అడ్డంగా గట్టి కాగితం ఏదైనా పెట్టాలి. అందరూ కరెన్సీ నోటు పెడతారు. ఎనిమిది మందిలో ఒక్కడి దగ్గర కూడా పది రూపాయల నోటు లేదు, అన్నీ ఫోన్లోనే. అప్పుడందరం బ్రోచర్ వైపు చూశాం. అడ్మిన్ కొంచెం గింజుకుని ఇచ్చాడు. అట్ట చింపి నాలుగు మడతలు పెట్టి, టైరులోపల దూర్చి, ట్యూబ్ వేసి పంపు కొట్టాం. చీలికలోంచి తెల్లాయన హెల్మెట్ కొంచెం కనిపిస్తూ ఉంది. కారు దాకా చుక్క గాలి దిగలేదు. అందుకే మొదట్లో చెప్పాను, కృతజ్ఞతలు.

మర్నాడు పొద్దున్నే అడ్మిన్ ఫోన్ చేశాడు. ఎలా ఉన్నావు, మోకాలు నొప్పా అని కాదు. బ్రోచర్ అట్ట మీద సేల్స్ వాళ్ల నంబరు ఉంటుంది కదా, అది కావాలట.

టైరు విప్పాను.