ఇప్పుడెవరు చదువుతారండీ!

తెలుగువాళ్ళు పుస్తకాలు చదవడం మానేశారు. ఈ సంగతి ఒక పుస్తకాల షాపు యజమాని చెబితే తెలిసింది. ఆయన చెప్పింది ఎవరితోనంటే, పుస్తకం కొనడానికి డబ్బు పట్టుకుని ఆయన కౌంటర్ ముందు వరసగా నిలబడ్డ అయిదుగురు తెలుగువాళ్ళతో.

మేం అడిగింది "కాశీమజిలీ కథలు". పన్నెండు భాగాలూ, దొరికినన్ని సెట్లు. ఆయన కళ్ళజోడు పైకి తోసుకుని, మమ్మల్ని ఒక్కొక్కరినే జాలిగా చూసి, "ఇప్పుడెవరు చదువుతారండీ అవన్నీ" అన్నాడు. మా వెనకాల ఇంకెవరైనా ఉన్నారేమోనని తిరిగి చూశాను. లేరు. మాలో ఒకమ్మాయి "మేమే చదువుతామండీ" అంటూ కొంచెం బెదురుగా చెయ్యెత్తింది. ఆయన వినిపించుకోలేదు. "జనరేషన్ మారిపోయిందమ్మా" అన్నాడు. మారిపోయిన ఆ జనరేషన్ ఆ అమ్మాయే. జీతం అందుకుని, ఆటో ఎక్కి, వాళ్ళ తాతగారి కాలం పుస్తకం కోసం వచ్చింది.

ఈ వాక్యాన్ని తక్కువ అంచనా వెయ్యకూడదు. "లేదు" అంటే ఒక్క మాటతో పోయేది. కానీ "లేదు" అంటే తప్పు షాపు మీదికొస్తుంది. ఎందుకు లేదు, ఎప్పుడొస్తుంది, తెప్పిస్తారా అని అనుబంధ ప్రశ్నలు పుడతాయి. అదే "ఇప్పుడెవరు చదువుతారండీ" అన్నారనుకోండి, నేరం మొత్తం జాతి మీదికి సర్దుకుంటుంది. అడగడానికొచ్చినవాడే ముద్దాయి అవుతాడు. ప్రచురణకర్త అచ్చెయ్యడు, ఎందుకంటే ఎవరూ కొనరు. షాపువాడు తెప్పించడు, ఎందుకంటే ఎవరూ అడగరు. అడిగినవాణ్ణి లెక్కలో వెయ్యరు, ఎందుకంటే ఎవరూ అడగరని ముందే తేలిపోయింది కదా.

ఇంతకీ మాకు ఆ పుస్తకం మీద మనసెందుకు పడిందంటే, మాదొక చిన్న పుస్తకాల క్లబ్బు. ఆదివారం సాయంత్రాలు ఎవరో ఒకరింట్లో కూచుంటాం. సగం మంది కొత్తగా ఉద్యోగాల్లో చేరినవాళ్ళు, సగం మంది రిటైరైనవాళ్ళు. డ్రాగన్లూ మంత్రదండాలూ ఉన్న ఇంగ్లీషు నవలలు, ఒక్కొక్కటి ఇటికంత లావున్నవి, పిల్లలు ఊదిపారేశారు. ఆర్డరు పెడితే మర్నాటికల్లా గుమ్మంలో ఉండేవి. "మనకి ఇలాంటివి లేవా?" అని వాళ్ళే అడిగారు. పెద్దవాళ్ళ ఛాతీ ఉప్పొంగింది. లేకపోవడమేమిటి, రాజమండ్రిలో మధిర సుబ్బన్న దీక్షితులు గారు ఏకంగా పన్నెండు భాగాలు రాసిపెట్టి వెళ్ళారు కదా అన్నారు.

తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. మణిసిద్ధుడనే యతి కాలినడకన కాశీకి బయల్దేరతాడు. పశువులు కాసుకునే కుర్రాడొకడు తోడు వస్తానంటాడు, ఒక షరతు మీద. దారిలో తనకి ఏ వింత కనపడితే దాని వెనకున్న కథ చెప్పాలి. యతి దగ్గరున్న మణి మహిమ వల్ల ఆయనకి కథలన్నీ తెలుస్తాయి, మజిలీ మజిలీకీ చెబుతూ పోతాడు. ఒక కథలో ఒకడు ఇంకో కథ ఎత్తుకుంటాడు, అందులో వేరొకడు మరో కథ మొదలుపెడతాడు. పై కథ ఏమైందో మనం మరిచిపోయే వేళకి మళ్ళీ పైకి తేలుస్తాడు. 1951లో వచ్చిన "పాతాళభైరవి" సినిమా కథకి మూలం ఈ పుస్తకంలోనే ఉంది. ఆ తరవాత మన తెర మీద రాజకుమార్తెల్ని ఎత్తుకుపోయిన మాంత్రికులందరూ దీక్షితులు గారికి ఎంతో కొంత బాకీ ఉన్నవాళ్ళే. ఆ కుర్రాడంటే నాకు ప్రత్యేకమైన గౌరవం. కథ చెబితేనే నడుస్తానన్న పాఠకుడు ఏ రచయితకి దొరుకుతాడు? మణిసిద్ధుడు కూడా పెద్దమనిషి కాబట్టి "ఇప్పుడెవరు వింటార్లేరా" అనకుండా కథ మొదలుపెట్టాడు.

షాపుల విషయానికొస్తే, ఖాళీ చేతులతో పంపారని నేను అనను. చాలా ఇచ్చారు. ఒకచోట పెద్దక్షరాలతో, రంగు బొమ్మలతో, పిల్లల కోసమని పల్చటి పుస్తకం ఇచ్చారు. అందులో మణిసిద్ధుడు లేడు, పశువుల కాపరి లేడు, కాశీ లేదు, మజిలీ లేదు. కథలు అన్న మాట ఒక్కటి నిజం. ఇంకొకచోట పన్నెండు భాగాల "సారం" ఒక్క పుస్తకంలో ఉందన్నారు. పన్నెండు భాగాల్ని ఒకటి చేసినవాడికి ఏ మణి దొరికిందో తెలీదు. మరో షాపులో కుర్రాడు మాత్రం ఉన్న మాట చెప్పాడు. "అది పుస్తకంగా లేదు సార్, బిట్‌గా ఉంది" అని పోటీ పరీక్షల గైడు తీసి చూపించాడు. కాశీమజిలీ కథల కర్త ఎవరు? నాలుగు ఆప్షన్లు. ఒక మార్కు. ఆ కథలు ఒక్కటీ చదవకుండా ఆ మార్కు తెచ్చుకునే ఏర్పాటు రాష్ట్రం నలుమూలలా ఉంది. దానికి కోచింగ్ కూడా ఉంది.

పాత పుస్తకాలవాళ్ళు నయం. ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద, విజయవాడ లెనిన్ సెంటర్లో అడిగి చూడండి, "ఇప్పుడెవరు చదువుతారు" అని ఒక్కడూ అనడు. "మొన్ననే ఎవరో పట్టుకుపోయారన్నా" అంటారు. అందులో ఎంత బాధ ఉందో అంత మర్యాదా ఉంది. ఈ ఊళ్ళో మనలాంటివాడు ఇంకొకడున్నాడని, వాడు మనకన్నా పొద్దున్నే లేస్తాడని తెలుస్తుంది. అలాంటి ఒక గుట్టలోనే ఏడో భాగం దొరికింది. అట్టలేదు, చివరి పేజీలూ లేవు. మహాప్రసాదమని కళ్ళకద్దుకున్నాం.

ఇక్కడ "పిడిఎఫ్ ఉంది కదా" గారు ప్రవేశిస్తారు. ప్రతి వాట్సాప్ గ్రూపులోనూ ఈయన ఉంటాడు. మనం ఏ పుస్తకం కావాలన్నా రెండు నిమిషాల్లో లింకు పడేసి, చేతులు జోడించిన బొమ్మ పెట్టి నిష్క్రమిస్తాడు. ఆయన పంపిన ఏ పుస్తకాన్నీ ఆయన తెరవలేదన్నదానికి రుజువు ఆ పుస్తకంలోనే ఉంటుంది. మొదటి పేజీ తలకిందులు. ముప్పయ్యో పేజీ రెండుసార్లు. ముప్పయ్యొకటి అసలుకే లేదు. మంచి పట్టున రాకుమారుడు గుహలోకి అడుగుపెట్టేసరికి అక్షరాల మీద స్కాన్ చేసిన మహానుభావుడి బొటనవేలు. గుహలో ఏముందో ఆ వేలికే తెలియాలి. అరవై ఎనిమిదేళ్ళ మా మాస్టారు ఆ పన్నెండు భాగాలూ ఫోన్‌లో, రెండు వేళ్ళతో పెద్దది చేసుకుంటూ చదవాలని ఆయన ఉద్దేశం.

ఈలోగా ఒక శుభవార్త. ఊళ్ళో ఒక పెద్దాయన దగ్గర పూర్తి సెట్టు ఉందట. ఫోన్ చేస్తే ఎంతో ఆదరంగా రమ్మన్నారు.

వెళ్ళాం. హాల్లో నిలువెత్తు అద్దాల బీరువా, లోపల ట్యూబులైటు, దానికో తాళం. మధ్య అరలో పన్నెండు భాగాలూ ఎర్ర క్యాలికో బైండింగుతో, వెన్ను మీద బంగారు అక్షరాలతో కొలువుదీరి ఉన్నాయి. కింద బంగారు అక్షరాలతోనే రచయిత పేరు ఉంటుందనుకున్నాను. ఉన్నది పెద్దాయన పేరు. మేం చెప్పులు విప్పే వచ్చాం కాబట్టి సరిపోయింది, లేకపోతే అక్కడ విప్పేవాళ్ళం. దర్శనం మొదలైంది. ఏ భాగం ఏ ఊళ్ళో దొరికిందో, ఎవరు ఎంత చెబితే తను ఎంతకి తెగ్గొట్టారో, బైండరు ఎన్నాళ్ళు తిప్పాడో వరసగా చెప్పారు. ఒక భాగం కోసం రాత్రి బస్సులో నిలబడి వెళ్ళిన వృత్తాంతం పావుగంట. అది నిజంగా బాగుంది, కాశీమజిలీల్లో కలిపెయ్యొచ్చు.

"వీటిలో మీకు బాగా నచ్చిన కథ ఏదండీ?" అని మా క్లబ్బు అమ్మాయి అడిగింది.

నిశ్శబ్దం. ఆయన ఆ అమ్మాయికేసి కాక బీరువాకేసి చూశారు. "బైండింగ్ అయ్యాక తెరవలేదమ్మా. తెరిస్తే వెన్ను విరుగుతుంది" అన్నారు.

పోనీ మా ముందే జిరాక్సు తీయిస్తాం, మీరూ షాపు దాకా రండి, పట్టుకోవడానికి తెల్ల గ్లౌజులు కూడా తెస్తాం అన్నాం. ఆయన ముఖం చూస్తే ఆయన మనవణ్ణి జిరాక్సు తీస్తామన్నట్టు ఉంది. కాస్త తేరుకుని, "ఫొటో కావాలంటే తీసుకోండి, అద్దంలోంచి" అని వరమిచ్చారు. తీసుకున్నాం. ఆ ఫొటో ఇప్పటికీ గ్రూపులో ఉంది. అద్దంలో మేం అయిదుగురం నోళ్ళు తెరుచుకుని స్పష్టంగా కనిపిస్తున్నాం, పుస్తకాలు ఉన్నచోట ట్యూబులైటు వెలుగు పడింది.

కాఫీ తెచ్చిన వాళ్ళావిడ "పోనీ ఇక్కడే కూచుని చదువుకుంటార్లెండి, పిల్లలు ముచ్చటపడుతున్నారు" అంది. ఆ ఇంట్లో పుస్తకం ఎందుకుందో తెలిసిన మనిషి ఆవిడొక్కతే. కానీ తాళంచెవి ఆవిడ దగ్గర లేదు. పెద్దాయన మమ్మల్ని గేటు దాకా సాగనంపుతూ భుజం మీద చెయ్యి వేశారు. కళ్ళు చెమర్చాయి కూడా. "మా పిల్లలు అమెరికాలో. నా తరవాత ఇవన్నీ ఎవరు చదువుతారండీ" అన్నారు.

అయిదుగురం! గేటు దగ్గర! ఆయన చెయ్యి వేసిన భుజం నాదే!

ఇలాంటి బీరువాలు చివరికి ఎక్కడికి చేరతాయో పాత పుస్తకాల సంగతి తెలిసిన అందరికీ తెలుసు. పిల్లలు రెండు వారాల సెలవు పెట్టుకుని వస్తారు, ఫ్లాటు అమ్మాలి, పుస్తకాలు కిలోల్లెక్కన వెళతాయి. బంగారు అక్షరాలకి వేరే రేటేం ఉండదు. అప్పుడు అవి ఫుట్‌పాత్ మీద మాకు దొరుకుతాయి. ఆ రోజు కోసం ఎదురుచూడటం సభ్యత కాదు కాబట్టి ఆయన నూరేళ్ళూ చల్లగా ఉండాలని కోరుకున్నాం. మనస్ఫూర్తిగానే.

ఆఖరికి గ్రంథాలయానికి వెళ్ళాం. నిజానికి ముందు వెళ్ళాల్సింది అక్కడికే కదా అని మీరనుకుంటే మీరు ఈమధ్య గ్రంథాలయానికి వెళ్ళలేదన్నమాట. హాలు కిటకిటలాడుతోంది. ఉద్యోగ పరీక్షలకి చదివే పిల్లలు, ఎవరి పుస్తకాలు వాళ్ళే ఇంటి నుంచి తెచ్చుకుని, ఎవరి నీళ్ళ సీసా వాళ్ళు పెట్టుకుని, తిరగని ఫ్యాన్ కింద వంచిన తల ఎత్తడం లేదు. తెలుగువాళ్ళు చదవరని చెప్పేవాళ్ళు ఒక్కసారి ఆ కుర్చీల కోసం పొద్దున్నే జరిగే పోటీ చూడాలి. లైబ్రేరియన్ మంచాయన. రెండు భాగాలు ఉన్నాయని వెతికి మరీ తెచ్చారు. మిగతావి? చిరిగిపోయాయి. మళ్ళీ కొనలేదా? ఆయన నవ్వి ఊరుకున్నారు. పక్క రెండు ఊళ్ళ గ్రంథాలయాలకి కూడా ఆయనే ఇన్‌చార్జి అట.

కొనలేదంటే డబ్బులు లేక కాదు. మనం కట్టాం. 1960 నాటి గ్రంథాలయాల చట్టం కింద ఆస్తి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు వసూలు చేస్తున్నారు. చదివేవాడూ కడుతున్నాడు, చదవనివాడూ కడుతున్నాడు, ఆ అద్దాల బీరువా పెద్దాయనా కడుతున్నాడు. వసూలు చేసిన స్థానిక సంస్థలు ఆ డబ్బు గ్రంథాలయ సంస్థలకి చేర్చకుండా బకాయి పెట్టాయన్న వార్త పేపర్లో ఎన్నిసార్లు చదవలేదు మనం? పుస్తకాల పేరు చెప్పి తీసుకున్న డబ్బు అది! దానితో రోడ్డు గుంత పూడ్చారో, శిలాఫలకం చెక్కించారో అడిగే నాథుడు లేడు. ఈ నేల మీదే 1935లో పాతూరి నాగభూషణం గారు కృష్ణా కాలువ మీద పడవలో పుస్తకాలు పెట్టుకుని పల్లెపల్లెకీ పంపారు. పరాయి పాలనలో, సెస్సు లేని రోజుల్లో! దీక్షితులు గారు కాలం చేసి అరవై ఏళ్ళు ఎప్పుడో దాటాయి, కాపీరైటు అడ్డు లేదు, వారసులకి కట్టాల్సిన పైసా లేదు. కావాలనుకుంటే అచ్చు వెయ్యడానికి ఏం అడ్డొచ్చింది? అచ్చు వెయ్యరు, కొనరు, ఖాళీ పోస్టులు నింపరు, ఫ్యాను బాగుచెయ్యరు. నవంబరు 14 రాగానే మాత్రం గ్రంథాలయ వారోత్సవాలని షామియానా వేయించి, మైకు పట్టుకుని, "నేటి యువతలో పఠనాసక్తి సన్నగిల్లింది" అని ఉపన్యాసం ఇస్తారు. ఏ యువతకి చెబుతున్నారు? షామియానా వెనక హాల్లో కుర్చీ దొరక్క మెట్ల మీద కూచుని చదువుతున్న యువతకా? సిగ్గుండాలి.

సరే. మొన్న ఆదివారం క్లబ్బు సమావేశం జరిగింది. ఒకరు అట్టలేని ఏడో భాగం చదివి వచ్చారు. ఇద్దరు గ్రంథాలయంలో కూచుని రెండో భాగంలో కొంత నోట్సు రాసుకొచ్చారు. మాస్టారు బొటనవేలి దాకా చదివి ఆగిపోయారు. ఒకాయన సినిమా చూసి వచ్చి అందరికన్నా ఎక్కువ మాట్లాడాడు. చర్చ రసవత్తరంగా సాగింది కానీ, ఎవరూ ఒకే పుస్తకం గురించి మాట్లాడటం లేదన్న సంగతి టీ తాగే వేళకి బయటపడింది.

కాబట్టి వచ్చే నెలకి, అందరికీ సులభంగా కాపీ దొరికే రచనే పెట్టుకోవాలని ఏకగ్రీవంగా తీర్మానించాం. చదవబోయేది: ఆస్తి పన్ను రసీదు. ఒక్క పేజీ. గ్రంథాలయ సెస్సు అన్న పంక్తి మీద ప్రత్యేక చర్చ ఉంటుంది, అక్కడ మాయమైన రూపాయి ఏ మజిలీలో తేలుతుందో సభ్యులు ఊహించి రావాలి. అద్దెకుంటున్నవాళ్ళు ఓనరుగారి రసీదు ఫొటో తెచ్చుకోవచ్చు. బైండింగ్ చేయించినవి అనుమతించబడవు.