డెసిమల్ గారి ఖాతాలో ఒక బస్సు ఛార్జీ

మహారాజశ్రీ పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో దశాంశాల లెక్కలు చూసే డెసిమల్ మాడ్యూలు గారికి,

ఎనుమాముల మార్కెట్‌లో ఒక అడ్తి దుకాణానికి లెక్కల ప్రోగ్రాములు రాసిపెట్టేవాడు నమస్కరించి వ్రాయునది. దుకాణంలోని ఖాతాలన్నిటికీ ఏడేళ్ల రోజువారీ వడ్డీ కట్టమని నిన్న మధ్యాహ్నం రెండు గంటలకు తమకు అప్పగిస్తే, దీపాలు పెట్టే వేళకు గానీ తమరు తేల్చలేదు. నర్సంపేట వైపు నుంచి మిర్చి తెచ్చిన రైతు, బాకీ ఎంతో తెలియకుండానే, చివరి బస్సు పోతుందని లేచి వెళ్లిపోయాడు.

తమ గడప నేను సరదాకు తొక్కలేదు. దశాంశాలను ద్విసంఖ్యల్లో దాచుకునే ఫ్లోట్ వారు పరుగులో గుర్రమే గానీ, 0.1కి 0.2 కలిపితే 0.30000000000000004 అంటారు. మనకు మూడో వంతు దశాంశాల్లో తెగనట్టే, ద్విసంఖ్యా పద్ధతిలో వారికి 0.1 తెగదు. రైతుకిచ్చే అమ్మకం చీటీ తక్‌పట్టీలో పైసా తేడా వస్తే రైతు అనుమానించేది ఆ పైసాను కాదు, కాంటాను.

ఫ్లోట్ కూడికను ప్రాసెసరే చేసిపెడుతుందనీ, తమ కూడిక మాత్రం సాఫ్ట్‌వేరు మెట్లన్నీ ఎక్కి దిగాలనీ నాకు తెలుసు. సగం పైసాను సరిసంఖ్య వైపుకే నెట్టే తమ అలవాటునూ భరించాను. కానీ 2012లో 3.3 వెర్షన్‌కు వచ్చేసరికి తమను సీ భాషలో తిరగరాస్తే, టెలిఫోన్ బిల్లుల పరీక్షలో తమరు ఏకంగా 30 రెట్లు వేగం పుంజుకున్నారు కదా! మరి 2020 దాకా పోషించిన, మా దుకాణంలో నడిచే 2.7 వెర్షన్‌లో మాత్రం ఆ పాత ఎద్దుబండినే ఎందుకు ఉంచారు? పైథాన్‌తోనే రాసిన తమరు ప్రతి కూడికకూ అంకెల్ని అక్షరాలుగా, అక్షరాల్ని అంకెలుగా మార్చుకుంటూ కూర్చుంటే, ఆ ముసలి కంప్యూటరు ముందు మా గుమాస్తా మూడుసార్లు చాయ్ తాగి, నాలుగోసారి నా మొహం చూశాడు. మేమేమైనా సవతి బిడ్డలమా? (ఇన్నేళ్లూ వెర్షన్ మార్చని బద్ధకం నాదేనని సేటు అన్నాడు. అది వేరే సంగతి.)

రాత్రి కొత్త పైథాన్ ఎక్కించి అదే లెక్క ఇస్తే, పోసిన చాయ్ చల్లారకముందే తేల్చారు. గుమాస్తా తన చిట్టాతో సరిచూసి, పైసా కూడా తేడా లేదని కొంత అయిష్టంగానే ఒప్పుకున్నాడు. ఆ మాట విన్నాక తమను తిట్టడానికి నోరు రాలేదు.

రైతు రేపు మళ్లీ వస్తున్నాడు. ఆయన రానుపోను ఛార్జీని తమ పేరనే చిట్టాలో రాయించాను. వడ్డీ రోజువారీ.

ఇట్లు,
బస్సు వెళ్లిపోతుంటే చూస్తూ నిలబడినవాడు