ఆఖరి రోజు సభకొచ్చే నివేదిక

సమావేశాల ఆఖరి రోజు. సభ్యులంతా ఊళ్లకు బయలుదేరే హడావుడిలో ఉంటారు. సరిగ్గా అప్పుడే, సర్కారు ఖర్చులను తనిఖీ చేసే కాగ్ నివేదికల కట్ట సభ ముందుకొస్తుంది. తిరగేసే తీరిక ఎవరికీ ఉండదు. కాసేపటికి సభ నిరవధికంగా వాయిదా పడుతుంది. ఎవరి ఏలుబడిలోనైనా చాలా రాష్ట్రాల్లో ఇదే తంతు.

కాగ్ నివేదికలను చట్టసభల ముందు ఉంచాలని రాజ్యాంగంలోని 151వ అధికరణం చెబుతోంది. ఎన్నాళ్లలోగా అన్నది చెప్పలేదు. ఆ సందులోనే ఢిల్లీలో ఆప్ ఏలుబడిలో 14 నివేదికలు పేరుకుపోయాయి. ప్రభుత్వం మారాక, 2025 ఫిబ్రవరిలో గానీ వాటికి మోక్షం మొదలుకాలేదు. ఆ జాప్యంపై దుమ్మెత్తిపోసిన బీజేపీయే కేంద్రంలో జనం దేనికెంత ఖర్చు పెడుతున్నారో చెప్పే 2017-18 వినియోగ వ్యయ సర్వేను నాణ్యత లేదంటూ పక్కన పడేసింది. 2010లో 2జీ స్పెక్ట్రమ్ కేటాయింపులపై కాగ్ నివేదిక పట్టుకుని పార్లమెంటును స్తంభింపజేసిందీ ఆ పార్టీయే. నాడు కాగ్ లెక్కలే తప్పన్న కాంగ్రెస్, నేడు అదే కాగ్ నివేదికలను చేతబట్టుకుని ప్రశ్నిస్తోంది. ఎవరు మారారు? కూర్చునే వరసలు తప్ప!

ప్రతి నివేదికా వేదవాక్కు కాదని, సర్వేల్లోనూ పొరపాట్లు దొర్లుతాయని పాలకులు అంటారు. నిజమే. అలాంటప్పుడు సభలో పెట్టి, తప్పెక్కడో చూపించాలి. తొక్కిపెట్టడం జవాబు కాదు.

సాక్ష్యాలను తూచడానికే 1993లో, బిల్లులను పరిశీలించే ఎంపీల బృందాలుగా, శాఖలవారీ స్థాయీ సంఘాలు వచ్చాయి. 2020లో సాగు బిల్లులను వాటికి పంపనేలేదు. రాజ్యసభలో గందరగోళం నడుమ మూజువాణి ఓటుతో గట్టెక్కించారు. రైతులు ఏడాదికి పైగా ఢిల్లీ సరిహద్దుల్లో కూర్చున్నాక, 2021 నవంబరు 29న ఉభయసభలూ ఒక్క రోజులో, చర్చే లేకుండా ఆ చట్టాలను రద్దు చేశాయి. చేసినప్పుడూ సాక్ష్యం అడగలేదు, రద్దు చేసినప్పుడూ అడగలేదు.

అసలు లెక్కే లేకపోతే ఏమవుతుందో 2020 సెప్టెంబరులో దేశం చూసింది. లాక్‌డౌన్‌లో సొంతూళ్లకు వెళుతూ ఎంతమంది వలస కూలీలు చనిపోయారని లోక్‌సభలో అడిగితే, వివరాలు లేవని, కాబట్టి పరిహారం ప్రశ్నే తలెత్తదని కార్మిక శాఖ చెప్పింది. ఆ ఒక్క జవాబుతో ఎన్నో కుటుంబాల గోడు రికార్డుల్లోకే ఎక్కకుండా పోయింది. రేపు ఏ ప్రభుత్వానికైనా ఇది దారి చూపుతుంది. లెక్క తీయకుంటే చాలు, బాధ్యత ఉండదు!

నివేదిక అందిన తర్వాతి సమావేశాల మొదటి వారంలోనే సభలో పెట్టాలని చట్టం చేయడానికి అడ్డేమిటి? ప్రతిపక్షంలో ఉండగా నివేదికలు ఎందుకు దాచారని గొంతు చించుకున్న పార్టీలన్నీ ఏదో ఒక రోజు అధికారంలోకి వచ్చినవే. పార్లమెంటు మాత్రం నేటికీ గడువు పెట్టలేదు. ముందు ఆ బిల్లు తెండి. తర్వాత ఎదుటివారి మీద కాగ్ కాగితాలు ఊపండి.