బావి తవ్వే ముందు బుగ్గ నీటిని చదవండి

భూగర్భ ఉష్ణంతో కరెంటు తీయాలన్న ఉత్సాహం పెరగడం మంచిదే. కానీ వేడినీటి బుగ్గ కనిపించగానే రిగ్గు దింపేయాలన్న తొందరే మాకు మింగుడుపడటం లేదు. లోతైన బావి ఒక్కటి తవ్వడానికే పదుల లక్షల డాలర్లవుతుంది. అది వట్టిపోతే ప్రాజెక్టు మూలనపడుతుంది. నీటి పరీక్షకయ్యే ఖర్చు దాని ముందు ఏపాటిది?

బుగ్గ పైన ఎంత మరుగుతోందన్నది అసలు లెక్క కాదు. లోపలి వేడి ఎంతో అందులో కరిగిన సిలికా చెబుతుంది. వేడి పెరిగేకొద్దీ రాళ్లలోని క్వార్ట్జ్ అనే సిలికా ఖనిజం ఎక్కువగా కరుగుతుంది, నీరు చకచకా పైకొచ్చేస్తే ఆ సిలికా విడిపోయే వ్యవధి ఉండదు. 1977లో భూరసాయన శాస్త్రవేత్త ఫోర్నియర్ ప్రచురించిన సూత్రం ప్రకారం కిలో నీటిలో 100 మిల్లీగ్రాముల సిలికా ఉంటే అడుగున సుమారు 137 డిగ్రీల సెల్సియస్, 300 ఉంటే దాదాపు 210.

ఆ ఒక్క అంకె పట్టుకుని ఊరేగితే మాత్రం దెబ్బతింటాం. దారిలో చన్నీళ్లు కలిస్తే సిలికా పలచబడి వేడి తక్కువగా కనిపిస్తుంది. అందుకే సోడియం, పొటాషియం నిష్పత్తినీ చూస్తారు. అదీ లోపలి వేడిని బట్టే ఉంటుంది, పలచబడినా అంతగా మారదు. మెగ్నీషియం ఎక్కువగా ఉంటే పైపొరల నీరు కలిసిందని అనుమానించాలి. ఈ మూడింటినీ ఒకే త్రిభుజంలో గుర్తించి, నీరు రాతితో సమతౌల్యానికి (వాటి మధ్య రసాయన మార్పులు నిలకడకు వచ్చిన స్థితికి) వచ్చిందో లేదో తేల్చే పద్ధతిని 1988లో మరో భూరసాయన శాస్త్రవేత్త గిగెన్‌బాక్ ఇచ్చారు. ఇక బురద కక్కే ఆమ్ల గుంటల నీటికి ఈ లెక్కలు వర్తించవు. అక్కడి సల్ఫేటు లోతు నీటిది కాదు, పైకొచ్చిన ఆవిరి పుణ్యమే.

ఇదంతా సీసా నింపే చోటే చెడవచ్చు. నీరు చల్లారితే సిలికా పేరుకుంటుంది కాబట్టి కొంత భాగాన్ని అక్కడికక్కడే స్వేదనజలంతో పలచన చేయాలి. లోహాల కోసం మరో సీసాలో వడకట్టి ఆమ్లం చుక్కలు వేయాలి. నీటి ఆమ్లతను చెప్పే పీహెచ్‌ను బుగ్గ గట్టునే కొలవాలి. చిల్లర పనులని జూనియర్లకు వదిలేసేది వీటినే!

వేడి ఉన్నంతమాత్రాన సరిపోదు కూడా. ఐస్‌లాండ్‌లోని క్రాఫ్లాలో 1975లో అగ్నిపర్వతం మేల్కొన్నాక శిలాద్రవపు వాయువులు బావుల్లోకి చేరి ఉక్కు గొట్టాలను తినేశాయి. వాయువుల విశ్లేషణ లేని నివేదిక సగం నివేదికే.

రాళ్లలో నీరు ఎంత సులువుగా పారుతుందో రసాయనశాస్త్రం చెప్పజాలదు. అది తేల్చడానికి తవ్వక తప్పదు. కాబట్టి మేం అడిగేది డ్రిల్లింగ్ ఆపమని కాదు. నీటిని, వాయువులను విశ్లేషించిన పూర్తి జియోకెమికల్ (భూరసాయన) నివేదిక చూశాకే అనుమతి ఇవ్వాలి. ప్రజల సొమ్ముతో చేసిన విశ్లేషణల అంకెలన్నీ, విఫలమైన బావులవి సహా, బయటపెట్టాలి.