గుర్తులు తిప్పడం మానేసి, మనిషిని నడవనివ్వండి

మతాల మధ్య పోలికల మీద ఇంటరాక్టివ్ వీడియో ఇన్‌స్టలేషన్, అంటే వచ్చినవాళ్ల కదలికని బట్టి బొమ్మలు మారే గది, అనగానే కాగితం మీద మొదట పడే బొమ్మ దాదాపు ఎప్పుడూ ఒకటే. ఓంకారం, శిలువ, నెలవంక, ధర్మచక్రం, దావీదు నక్షత్రం గుండ్రంగా తిరుగుతుంటాయి. ఎవరైనా చెయ్యి ఊపగానే అన్నీ కరిగి ఒకే తెల్లటి వెలుగైపోతాయి. వెనక ఎడతెగని శ్రుతి. దయచేసి దీన్ని కట్టకండి. పోలిక ఉందని ప్రకటించడమే తప్ప ఎక్కడుందో ఇది చూపించదు. వచ్చినవాళ్లు ముందే తెలిసిన గుర్తులు చూసి, ముందే విన్న మాట మళ్లీ విని వెళ్లిపోతారు. ఇంకా బాధ కలిగించే సంగతి ఏమిటంటే, ఆ గుర్తును గుండెకు హత్తుకుని బతికే మనిషికి అది కరిగిపోవడం సామరస్యంలా కనబడదు, తుడిచేసినట్టు కనబడుతుంది.

పోలికలు నిజంగా ఉన్నవి చేతల్లో. దేని చుట్టూనో నడవడం, ప్రార్థనకు ముందు కడుక్కోవడం, పూసలు లెక్కపెట్టడం, దీపం వెలిగించడం, వంగడం, ఉపవాసం. సెన్సర్‌కి కూడా అందేది శరీరం చేసే పనే. నమ్మకాన్ని ఏ కెమెరా పట్టలేదు, కాలు కదలడాన్ని పడుతుంది. అందుకే ఒక్క చేతను ఎంచుకోండి. ఆరు చేతలతో ఆరు తెరలు పెడితే ప్రతి దాని దగ్గరా జనం పది సెకన్లు నిలబడి ముందుకు జరుగుతారు. ఒక్కటే తీసుకోమంటే నేను చుట్టూ నడవడాన్నే తీసుకుంటాను. కారణం చెబుతాను.

ప్రదక్షిణలో దేవుడు మన కుడిచేతి వైపు ఉంటాడు. బౌద్ధులు స్తూపం చుట్టూ అలాగే నడుస్తారు. సిక్కుల పెళ్లిలో జంట గురు గ్రంథ్ సాహిబ్ చుట్టూ నాలుగుసార్లు అదే వైపు తిరుగుతుంది. మక్కాలో తవాఫ్‌కి కాబా ఎడమచేతి వైపు, ఏడు చుట్లు. టిబెట్ బోన్ సంప్రదాయం వాళ్లు, పక్కనే బౌద్ధులు ఒకవైపు తిరుగుతుంటే, తాము ఎదురువైపు తిరుగుతారు. యూదులు సుక్కోత్ పండుగ ఏడో రోజున సినగాగ్ వేదిక చుట్టూ ఏడుసార్లు నడుస్తారు. శివాలయంలో చండీ ప్రదక్షిణ అయితే చుట్టు పూర్తే కాదు, అభిషేకం నీళ్లు బయటికి పోయే కాలువ, సోమసూత్రం, దాకా వెళ్లి, దాన్ని దాటకుండా వెనక్కి తిరిగి రావాలి. ఇక రష్యాలో 17వ శతాబ్దంలో చర్చి చీలినప్పుడు తగువుల్లో ఊరేగింపు ఏ వైపు తిరగాలన్నది కూడా ఒకటి. పాత ఆచారం వదలనివాళ్లు సూర్యుడు నడిచే వైపే నడుస్తామన్నారు, సంస్కరణ వైపు వాళ్లు ఎదురు నడిచారు.

ఇక్కడే విషయమంతా ఉంది. చేత ఒకటే, దిక్కు వేరు, చుట్ల లెక్క వేరు, ఆగే చోటు వేరు. ఆ తేడా కోసం మనుషులు ప్రాణం పెట్టారు. తేడాని దాచేసి పోలికని చూపిస్తే అది అబద్ధం. చూసేవాళ్లు తమ కాళ్లతో నడిచి పోలికనీ తేడానీ ఒకేసారి కనిపెట్టేలా గదిని కట్టొచ్చు, ఖర్చు కూడా మరీ ఎక్కువ కాదు.

గది 8 మీటర్లు, 8 మీటర్లు. మధ్యలో సన్నటి స్తంభం. దాని మీద నాలుగు ప్రొజెక్టర్లు, ఒక్కోటి ఒక్కో గోడ వైపు. గోడ దూరం 4 మీటర్లు, బొమ్మ వెడల్పు 4 మీటర్లు కావాలి కాబట్టి త్రో నిష్పత్తి, అంటే దూరాన్ని వెడల్పుతో భాగిస్తే వచ్చేది, 1. లెన్స్ ముందుకు పొడుచుకొచ్చిన మేర దూరం తగ్గుతుంది, అది కొలుచుకుని 0.9 దాకా దిగే జూమ్ ఉన్నది తీసుకోండి. 16:9లో బొమ్మ ఎత్తు 2.25 మీటర్లు. అడుగు అంచు నేలకి 1 మీటరు పైన, పై అంచు 3.25 దగ్గర, లెన్స్ కూడా 3.25 దగ్గరే పెట్టి లెన్స్ షిఫ్ట్‌తో, అంటే ప్రొజెక్టర్‌ని వంచకుండా లెన్స్‌నే జరిపి, బొమ్మని కిందికి దించండి. వంకర బొమ్మని సాఫ్ట్‌వేర్‌తో సరిచేసే కీస్టోన్ వాడకండి, అది పిక్సెళ్లని తినేస్తుంది. జనం స్తంభానికి 2 మీటర్ల దూరంలో గుండ్రంగా నడుస్తారు. అక్కడ కాంతి కింది అంచు నేలకి 2.1 మీటర్ల పైన ఉంటుంది, ఆరడుగుల మనిషి నీడ కూడా గోడ మీద పడదు. ప్రొజెక్టర్‌ని గోడ ఎదురుగా వెనక్కి పెట్టేవాళ్లంతా ఓడిపోయేది ఈ నీడ దగ్గరే. గుళ్లో నడుస్తున్న ముసలమ్మ ముఖం మీద ఎవరిదో బ్యాగు నీడ!

వెలుతురు లెక్క తేలిక. బొమ్మ వైశాల్యం 9 చదరపు మీటర్లు, ప్రొజెక్టర్ 4000 ల్యూమెన్ల వెలుగు వేస్తే చదరపు మీటరుకి 440 చిల్లర, అంటే 440 లక్స్ చిల్లర. గదిలో మామూలు వెలుతురు 50 లక్స్ ఉంటే నలుపు బూడిదైపోతుంది, రాత్రి తీసిన షాట్లు చచ్చిపోతాయి. 10, 15 లక్స్‌కి తగ్గించండి. ఎక్కువమంది మరిచిపోయేది ఇంకొకటి: నాలుగు గోడలూ తెల్లవైతే ఒక గోడ వెలుగు ఎదురు గోడ మీద పడి నాలుగూ పాలిపోతాయి. గోడలకి మెరుపు లేని లేత బూడిద రంగు వేయండి, నేల నల్లగా ఉంచండి.

సెన్సర్ సంగతి. చాలామంది పైకప్పుకి డెప్త్ కెమెరా, అంటే వస్తువుల దూరాన్ని కొలిచే కెమెరా, తగిలించి పని అయిపోయిందనుకుంటారు. లెక్క వేసి చూడండి. కెమెరా 4 మీటర్ల ఎత్తులో ఉంది, చూపు వెడల్పు 75 డిగ్రీలు. నేల మీద అది 6 మీటర్లు చూస్తుంది. కానీ మనిషి తల 1.7 మీటర్ల దగ్గర ఉంది, ఆ ఎత్తులో మూడున్నర మీటర్లే కనబడుతుంది. మన నడక దారి వ్యాసం 4 మీటర్లు. అంటే దారిలో చాలాచోట్ల తలలు చూపుకి బయటే. పాత ట్యుటోరియళ్లు చూసి అజూర్ కినెక్ట్ అనే డెప్త్ కెమెరా కోసం వెతక్కండి, దాని తయారీని మైక్రోసాఫ్ట్ 2023లో ఆపేసింది.

కెమెరాతో ఒంటి కీళ్లని గుర్తించే అస్థిపంజరం ట్రాకింగ్ అసలు వద్దు. కొన్ని నల్లబట్టలు ఇన్‌ఫ్రారెడ్‌ని మింగేస్తాయి, ఒదులు బట్టల్లో మోకాలు, నడుము ఎక్కడున్నాయో మోడల్‌కి తెలియదు. బురఖా, పాదిరి అంగీ, భిక్షువు చీవరం, కుచ్చిళ్ల చీర, చక్రాల కుర్చీ. మతాల గురించి కట్టిన గదిలో మతాన్ని ఒంటి మీద వేసుకుని వచ్చినవాళ్లనే యంత్రం గుర్తించకపోతే అంతకన్నా అవమానం ఉండదు.

స్తంభం అడుగున, నేలకి 30 సెంటీమీటర్ల ఎత్తులో ఒక 2డి లైడార్, అంటే లేజర్‌ని చుట్టూ తిప్పి దూరాలు కొలిచే సెన్సర్, పెట్టండి. 360 డిగ్రీలు చూస్తుంది. మనకి కావలసింది రెండే సంగతులు: మనిషి ఏ కోణంలో ఉన్నాడు, కోణం పెరుగుతోందా తగ్గుతోందా. లైడార్ నేరుగా ఇచ్చేది అదే. ముఖం కనబడదు, ఫొటో ఉండదు, ఆ సంగతి గుమ్మం దగ్గరే పెద్ద అక్షరాలతో రాయొచ్చు. సెకనుకి 10 సార్లు తిరిగే లైడార్‌కి, సెకనుకి 1 మీటరు నడిచే మనిషి లైడార్ తిరిగే ఒక్కో చుట్టుకి 3 డిగ్రీలు జరుగుతాడు. దిక్కు మారిందని వెంటనే నమ్మకండి. 30 డిగ్రీలు, అంటే దాదాపు ఒక మీటరు, ఒకే వైపు నడిచాకే మార్చండి. లేకపోతే పక్కవాళ్లతో మాట్లాడటానికి ఒక అడుగు వెనక్కి వేసిన ప్రతిసారీ గోడలు వణుకుతాయి. 359 తర్వాత 0 వచ్చినప్పుడు మనిషి వెనక్కి దూకాడని ప్రోగ్రామ్ అనుకుంటుంది, ఆ తేడాని విప్పే కోడ్ మొదటిరోజే రాసుకోండి. రెండు కాళ్లు రెండు చుక్కలుగా కనబడతాయి, 40 సెంటీమీటర్ల లోపు చుక్కల్ని ఒక మనిషిగా కలపండి. పొడుగు అంగీ వేసుకున్నవాళ్లు ఇక్కడ ఒకే ముద్దగా, ఇంకా స్పష్టంగా దొరుకుతారు. నడక దారి మాత్రం మీటరు వెడల్పే ఉంచండి. ఇద్దరు పక్కపక్కన నడిస్తే లోపలివాళ్లు బయటివాళ్లని కప్పేస్తారు.

కుడిచెయ్యి కేంద్రం వైపు పెట్టి నడిస్తే గోడల మీద గుడి, స్తూపం, గురుద్వారా పెళ్లి. వెనక్కి తిరిగి ఎడమచెయ్యి కేంద్రం వైపు నడిస్తే తవాఫ్, బోన్ యాత్రికులు, రష్యా సంస్కరణ వైపు వాళ్ల ఆర్థడాక్స్ ఊరేగింపు. కాసేపు నడిచి ఆగి వెనుదిరిగితే చండీ ప్రదక్షిణ. జనం రెండు వైపులా నడుస్తుంటే దిక్కుల సగటు తీయకండి, సున్నా వచ్చి అంతా ఆగిపోతుంది. ఏ గోడ ముందు 90 డిగ్రీల్లో ఎవరున్నారో ఆ గోడ వాళ్లనే వినాలి. గోడ మీద రాతల్లో "సవ్యం", "అపసవ్యం" అన్న మాటలు రానివ్వకండి. మన భాషలో అపసవ్యం అంటేనే తేడాగా ఉందన్న అర్థం ధ్వనిస్తుంది. తవాఫ్ కింద ఆ మాట రాస్తే తీర్పు ఇచ్చినట్టే. "కుడిచెయ్యి కేంద్రం వైపు", "ఎడమచెయ్యి కేంద్రం వైపు" అని రాయండి, చాలు.

వీడియోని ఎప్పుడూ వెనక్కి నడపకండి, అద్దంలో లాగా తిప్పకండి. మనిషి వెనక్కి నడిస్తే వీడియో వెనక్కి నడవడం మామూలు ఇన్‌స్టలేషన్లలో ముచ్చటగా ఉంటుంది. ఇక్కడ అది తవాఫ్‌ని తలకిందులు చేస్తుంది, ప్రదక్షిణని అప్రదక్షిణ చేస్తుంది. అద్దంలో తిప్పితే కుడిచేత్తో ఇచ్చే తీర్థం ఎడమచేత్తో ఇచ్చినట్టవుతుంది, గోడల మీద లిపి తిరగబడుతుంది. ఎడిటింగ్‌లో ఫ్రేమ్ అందం కోసం ఎవరో ఒకరు తప్పకుండా ఫ్లిప్ కొడతారు. ఫైనల్ చూసేటప్పుడు ప్రతి షాట్‌నీ ఒరిజినల్ పక్కన పెట్టి చూడండి.

షూటింగ్‌లో అన్నిటికీ ఒకే వ్యాకరణం ఉండాలి: కెమెరా భుజం ఎత్తులో, ఒకే లెన్స్, నడిచేవాళ్ల పక్కనే, అదే వేగం. ఒక మతాన్ని డ్రోన్ మీంచి వేలమంది గుంపుగా, ఇంకోదాన్ని ఒంటరి ముసలాయన ముడతల ముఖంగా చూపిస్తే, ఒకటి గుంపు, ఒకటి మనిషి అని మీరు చెప్పకుండానే చెప్పేశారు. 2 మీటర్ల వ్యాసార్ధంలో ఒక చుట్టు పన్నెండున్నర మీటర్లు, అంటే 12, 13 సెకన్ల నడక. షాట్లు కనీసం ఆ నిడివి ఉండాలి. మక్కాలోకి ముస్లిమేతరులకు ప్రవేశం లేదు కాబట్టి అక్కడ షూట్ చేసేది ముస్లిం కెమెరామన్ అయి ఉండాలి, అనుమతులతో. సెట్ వేసి నటులతో తీయొద్దు. కెమెరాకి అనుమతి లేని గర్భాలయం గురించి చెప్పాలంటే ఆ గోడని నల్లగా వదిలేసి, "ఇక్కడ కెమెరా వెళ్లదు" అని ఒక్క లైను రాయండి. ఆ నల్లగోడ దగ్గరే జనం ఎక్కువసేపు ఆగుతారని నా నమ్మకం.

వీడియో ఫైళ్లు హ్యాప్ అనే కోడెక్‌లో, అంటే కుదింపు పద్ధతిలో, పెట్టండి. మామూలుగా వాడే హెచ్.264లో, దాన్ని తయారుచేసే ఎక్స్264 ప్రోగ్రామ్ డిఫాల్ట్‌గా కీఫ్రేమ్‌ల (సొంతంగా నిలబడే పూర్తి ఫ్రేముల) మధ్య 250 ఫ్రేముల దాకా దూరం రావచ్చు, మధ్యలోకి దూకమంటే తడబడుతుంది. హ్యాప్‌లో ప్రతి ఫ్రేమూ సొంతంగా నిలబడుతుంది. 1080పి, 30 ఫ్రేములకి కుదింపుకి ముందు లెక్కన సెకనుకి 31 మెగాబైట్లు, నాలుగు గోడలకి 125, పాత బొమ్మా కొత్త బొమ్మా రెండూ నడిచే మార్పిడి క్షణంలో 250. ఎస్‌ఎస్‌డి మోస్తుంది, పాత హార్డ్‌డిస్క్ మోయదు. గోడల్ని నడిపే సాఫ్ట్‌వేర్ టచ్‌డిజైనర్ అయితే, దాని ఉచిత వెర్షన్ 1280 పిక్సెళ్లు దాటనివ్వదు, లైసెన్స్ బడ్జెట్‌లో రాసుకోండి.

ధ్వని దగ్గర తొందర వద్దు. మనిషి దిక్కు మార్చగానే ఖురాన్ పఠనం సగం వాక్యంలో (ఆయతులో) తెగిపోతే, వేదమంత్రం సగం స్వరంలో తెగిపోతే, వినేవాళ్ల ఒళ్లు జలదరిస్తుంది. ప్రతి ఆడియోలోనూ వాక్యం ముగిసే చోట్లు గుర్తుపెట్టి, బొమ్మ మారినా ధ్వని ఆ గుర్తు దాకా సాగి ఆగేలా చేయండి. తర్వాత ఒక సెకను నిశ్శబ్దం, ఆపైన రెండోది. ఒక ప్రార్థన మీద ఇంకొకటి ఎక్కించొద్దు. ఖురాన్ పఠనం కింద సంగీతం అసలు పెట్టొద్దు. చాలాచోట్ల అడుగుల చప్పుడు చాలు.

వేరే చేతలు ఎంచుకునేవాళ్లకి రెండు మాటలు. పూసలైతే ఏ మతం మాలలో ఎన్నని 108, 99, 33, పది పూసల ఐదు వరుసలు అని అంకెలు పేర్చి ఆగకండి. జపమాలలో ముడి దగ్గరుండే మేరుపూసని దాటరు, వెనక్కి తిప్పుతారు. వేలికి తెలిసే ఆ మలుపే అసలు సరుకు. నీళ్లైతే నిజం నీళ్లు పోయకండి, తేట నీటి మీద బొమ్మ నిలవదు, కాంతి అడుగుకి పోతుంది. తెల్లటి పొడి పాత్ర పెట్టి చేతుల్ని గుర్తించండి. ఇక దీపం పెట్టి, మైకులో ఊదితే ఆరిపోయేలా మాత్రం చేయకండి. జొరాస్ట్రియన్ పూజారులు ఊపిరి తగలకుండా నోటికి గుడ్డ కట్టుకుని అగ్ని దగ్గరికి వెళ్తారు. మన ఇళ్లలో దీపం ఆరిందనే మాట కూడా అనం, కొండెక్కిందంటాం. వెలిగించే చేతినే గుర్తించండి, అది దానంతట అది కొండెక్కనివ్వండి.

నేల మీద ఏ అక్షరమూ, ఏ గుర్తూ ప్రొజెక్ట్ చేయొద్దు. జనం తొక్కుతారు. శుక్రవారం సూర్యాస్తమయం నుంచి శనివారం రాత్రి పడేదాకా, నిష్ఠగా ఉండే యూదులు తమ కదలికతో కరెంటు పని జరిగే చోటికి రారు. ఆ వేళ సెన్సర్‌ని పక్కన పెట్టి, టైమర్ మీద గోడలు వాటంతట అవే మారే పద్ధతి పెట్టండి. కోడ్‌లో అది చిన్న పని. గుమ్మం దగ్గర ఆ వేళలు రాసి ఉంచండి.

చివరి ఎడిట్‌కి ముందు, లాక్ చేశాక కాదు, ప్రతి సంప్రదాయం నుంచీ దాన్ని రోజూ పాటించే ఇద్దరిని పిలవండి. ఒక పండితుడు, ఒక మామూలు మనిషి, వీలైతే అందులో ఒకరు స్త్రీ. వాళ్ల గోడ ఒక్కటే చూపించకండి, నాలుగు గోడలూ నడిపించండి. "మీ గోడ పక్కన ఈ గోడ ఉండటం మీకు సరేనా?" అని అడగండి. ఒకరు సరే అని, ఒకరు కాదంటే, కాదన్నవాళ్లతో ఇంకో గంట కూర్చోండి. షెడ్యూల్‌లో దీనికి రెండు వారాలు, రీషూట్‌కి డబ్బు పక్కన పెట్టి ఉంచండి.