వైపర్ కింద ఒక కాగితం

మొన్న జనవరిలో ఇక్కడ టెక్సస్‌లో మన తెలుగు సంఘం సంక్రాంతి సంబరాలు ముగిసి బయటికి వచ్చేసరికి రాత్రి పదిన్నర అయింది. హైస్కూల్ పార్కింగ్ లాట్‌లో చలిగాలి కోసేస్తోంది. పాప నా భుజం మీద నిద్రపోతోంది. కారు దగ్గరికి వచ్చేసరికి మా ఆవిడ ఆగిపోయింది. వెనక బంపర్ కుడి మూల లోపలికి నొక్కుకుపోయి ఉంది, దాని మీద ఎర్ర రంగు గీతలు. ముందుకు వెళ్ళి చూస్తే వైపర్ కింద ఒక కాగితం. ఆ రోజు పంచిన ప్రోగ్రామ్ షీటు వెనకవైపు బాల్‌పెన్‌తో రాసి ఉంది: "సార్, రివర్స్ చేస్తుంటే నా కారు మీ కారుకు తగిలింది. చాలాసేపు చూశాను, మీరు రాలేదు. సారీ సార్. ఈ నంబరుకు ఫోన్ చేయండి." కింద పేరు, ఫోన్ నంబరు, ఇంటి అడ్రసు.

బంపర్ చూసి వచ్చిన కోపం ఆ కాగితం చదవగానే పోయింది. రెండేళ్ళ కిందట గుడి దగ్గర ఎవరో నా కారు డోరు సొట్టబెట్టి వెళ్ళిపోయారు. అప్పుడు ఏ కాగితమూ లేదు. నా సొంత కారు రిపేరుకు నా పాలసీలోనే ఉండే కొలిజన్ కవరేజీ మీదే క్లెయిమ్ పెట్టుకుని, వెయ్యి డాలర్ల డిడక్టిబుల్, అంటే కంపెనీ ఇవ్వకుండా మన వాటాగా వదిలేసే మొత్తం, నేనే కట్టుకున్నాను. ఆ వెయ్యి కంటే నన్ను ఎక్కువ బాధపెట్టింది ఇంకొకటి ఉంది. ఆ రోజు ఆ లాట్‌లో ఉన్నవాళ్ళంతా నాతోపాటు హారతి కళ్ళకద్దుకున్నవాళ్ళే.

మర్నాడు ఫోన్ చేశాను. ఎంఎస్ చదువుతున్న కుర్రాడు, ఖమ్మం దగ్గరి ఊరు. "ఇన్సూరెన్స్‌కి వద్దు సార్, ఎంతయితే అంత నేనిస్తాను" అన్నాడు. ఎంతో కష్టపడి చదువుకుంటున్నవాడు, పైగా నిజాయితీగా కాగితం పెట్టినవాడు. నేనూ సరేనన్నాను. తెలిసిన మెకానిక్ ఫోటో చూసి ఆరువందలు అవుతుందన్నాడు. ఆ కుర్రాడు రెండు విడతల్లో ఇస్తానన్నాడు.

నేను చేసిన తప్పు అదే. మన వాళ్ళలో చాలామంది మంచితనం అనుకుని చేస్తున్న తప్పు కూడా అదే.

బాడీ షాపులో బంపర్ కవర్ విప్పాక నన్ను పిలిచి చూపించారు. పైన కనిపించేది ప్లాస్టిక్ తొడుగు మాత్రమే. దెబ్బ తగిలినా అది చాలావరకు మళ్ళీ పైకి లేచిపోతుంది. లోపల ఫోమ్ రెండు ముక్కలైంది. దాని వెనక ఉన్న ఇనుప బార్ వంగింది. అద్దాల్లో కనిపించని పక్క కార్లను పసిగట్టే బ్లైండ్ స్పాట్ సెన్సర్‌ను పట్టి ఉంచే బ్రాకెట్ విరిగి, సెన్సర్ పక్కకు తిరిగిపోయింది. అది మార్చి మళ్ళీ సరిగ్గా చూసేలా క్యాలిబ్రేట్ చేయాలి. మొత్తం 3,140 డాలర్లన్నారు. ఈ సంగతి చెబితే ఆ కుర్రాడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత "ఫ్రెండ్స్‌ని అడుగుతాను సార్" అన్నాడు. ఒక విద్యార్థి అప్పు చేసి నా కారు బాగు చేయించాలా? అతను నెలనెలా ప్రీమియం కడుతున్నది దేనికి?

టెక్సస్‌లో కారు నడిపే ప్రతి ఒక్కరికీ లయబిలిటీ ఇన్సూరెన్స్, అంటే మన వల్ల ఎదుటివారికి జరిగిన నష్టానికి కట్టేది, ఉండాలి. అందులో ఎదుటివారి ఆస్తినష్టానికి కనీసం 25,000 డాలర్ల కవరేజీ తప్పనిసరి. అంటే అతి చవక పాలసీలో కూడా నా బంపర్‌కు సరిపడే దానికంటే ఎన్నో రెట్లు ఉంది. ఆ సాయంత్రం ఇద్దరం కూర్చుని అతని కంపెనీకి ఫోన్ చేశాం. క్లెయిమ్ నంబరు వచ్చింది. నేను ఫోటోలు, ఆ కాగితం, షాపు ఎస్టిమేట్ పంపాను. నష్టం లెక్కకట్టే కంపెనీ మనిషి, అడ్జస్టర్, ముందు ఇచ్చిన అంకె తక్కువే, కానీ షాపువాళ్ళు విప్పిన తర్వాతి ఫోటోలు పెట్టి సప్లిమెంట్, అంటే అదనపు మొత్తం, అడిగితే మిగతాదీ ఇచ్చారు. కారు షాపులో ఉన్న రోజులకు రెంటల్ కూడా వాళ్ళదే. నాకు డిడక్టిబుల్ లేదు, అతని జేబులోంచి ఒక్క డాలరు పోలేదు. రెన్యువల్‌లో అతని ప్రీమియం పెరగొచ్చు, నిజమే. కానీ ఒక్కసారిగా మూడువేల అప్పు నెత్తిన పడటం వేరు.

అసలు "ఇన్సూరెన్స్ వద్దు, మనమే చూసుకుందాం" అన్న మాట మనకు ఎక్కడి నుంచి వచ్చింది? ఇండియాలో ఇంటి దగ్గరి నుంచే. అక్కడ ఎదుటివాడి పాలసీ మీద మన కారు నష్టం రాబట్టాలంటే మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌కు వెళ్ళాలి. సొట్ట కోసం ఎవరు వెళ్తారు? మన సొంత పాలసీ వాడితే నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిమ్ పెట్టనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, పోతుంది. అయిదేళ్ళు క్లెయిమ్ లేకుండా ఉంటే అది 50 శాతం దాకా వస్తుంది మరి. అందుకే విజయవాడలోనైనా, కూకట్‌పల్లిలోనైనా రోడ్డు మీదే మాట్లాడుకుని, చేతిలో ఎంతో కొంత పెట్టి వెళ్ళిపోతారు. అక్కడ ఆ పద్ధతికి అర్థముంది. ఇక్కడ ఎదుటివాడి కంపెనీ నేరుగా మన షాపుకే డబ్బు కడుతుంది. అలవాటు మాత్రం మారలేదు.

కాగితం పెట్టకుండా వెళ్ళిపోయేవాళ్ళ గురించి నాకింకా ఎక్కువ దిగులు. వాళ్ళంతా చెడ్డవాళ్ళని నేననుకోను. చాలామంది స్టూడెంట్లకు, హెచ్1బీ ఉద్యోగ వీసా మీద ఉన్నవాళ్ళకు ఒకటే టెన్షన్: వీసాకు ఏమవుతుందో అని. అది పూర్తిగా తలకిందులు లెక్క. ఆగి ఉన్న కారుకు పొరపాటున తగిలి, వివరాలు రాసి పెడితే అది రెండు కంపెనీల మధ్య డబ్బు వ్యవహారం. రాయకుండా వెళ్ళిపోతేనే నేరం. టెక్సస్ ట్రాన్స్‌పోర్టేషన్ కోడ్‌లో 550.024 సెక్షన్ ఇదే చెబుతుంది: ఆగాలి, ఓనరును వెతకాలి, దొరకకపోతే పేరు, అడ్రసు, ఏం జరిగిందో రాసి కనిపించేలా పెట్టాలి. నష్టం 200 డాలర్లు దాటితే, ఈ రోజుల్లో ఏ సొట్టకైనా దాటుతుంది, వదిలి వెళ్ళిపోవడం క్లాస్ బి మిస్‌డెమీనర్ అనే నేరం. 180 రోజుల దాకా జైలు, 2,000 డాలర్ల దాకా జరిమానా పడొచ్చు. వీసా స్టాంపింగ్‌కు నింపే డీఎస్-160 ఫారంలో ఎప్పుడైనా అరెస్టయ్యారా అని అడుగుతారు. బంపర్ క్లెయిమ్ గురించి అడగరు. దేనికి భయపడి పారిపోతున్నారో, పారిపోవడం వల్లే అది వచ్చి మీద పడుతుంది. తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, ఈ ఒక్క మాట గుర్తుపెట్టుకోండి.

ఇక కాగితం దొరకనివాళ్ళు ఏం చేయాలి? కారు కదిలించకముందే ఫోటోలు తీయండి, దగ్గర నుంచీ, దూరం నుంచీ. అవతలి రంగు అంటుకుంటే అది స్పష్టంగా రావాలి. చుట్టూ కెమెరాలు ఉంటే ఆ రోజే వెళ్ళి అడగండి, రికార్డింగులు ఎక్కువ రోజులు ఉంచరు. పోలీసు రిపోర్టు తప్పకుండా ఇవ్వండి. మీ పాలసీలో ఇన్సూరెన్స్ లేనివాడు గుద్దితే కట్టే అన్‌ఇన్సూర్డ్ మోటారిస్ట్ ఆస్తినష్టం కవరేజీ ఉంటే, హిట్ అండ్ రన్‌కు, అంటే తగిలించి పారిపోయిన కేసుకు, కూడా అది పనికొస్తుంది, డిడక్టిబుల్ 250 డాలర్లే. టెక్సస్‌లో ఆ కవరేజీ వద్దనుకుంటే రాతపూర్వకంగా వద్దనాలి. మనలో ఎంతమంది ఆన్‌లైన్‌లో పాలసీ తీసుకుంటూ చదవకుండా ఆ సంతకం పెట్టేశామో! నేనూ పెట్టాను. గుడి దగ్గర వెయ్యి పోయింది అందుకే. ఏ షాపుకు వెళ్ళాలన్నది కూడా మీ ఇష్టమే. వాళ్ళ లిస్టులోని షాపుకే వెళ్ళాలని కంపెనీ పట్టుబట్టడానికి వీల్లేదు.

మన సంఘాన్ని అడిగేది ఒకటుంది. ప్రతి కార్యక్రమంలోనూ "తెల్ల క్యామ్రీ ఓనరు ఎవరండీ, దారికి అడ్డంగా ఉంది" అని స్టేజీ మీద నుంచి పిలుస్తాం. అదే మైకులో ఇంకో మాట చెబుదాం: పార్కింగ్‌లో ఎవరి కారుకైనా తగిలితే నంబర్ ప్లేటు రాసుకుని రిజిస్ట్రేషన్ బల్ల దగ్గరికి రండి, ఓనరును మేం పిలిపిస్తాం, ఎవరూ మిమ్మల్ని ఏమీ అనరు. ఆ బల్ల మీద పేరు, అడ్రసు, ఫోన్, ఇన్సూరెన్స్ కంపెనీ, పాలసీ నంబరు రాసే చిన్న కార్డులు, నాలుగు పెన్నులు పెడదాం. ఉగాదికి ఆ కార్డులు అచ్చు వేయించే ఖర్చు నాది. బల్ల దగ్గర కూర్చోవడానికి ఆ ఖమ్మం కుర్రాడు ఒప్పుకున్నాడు.