నర్సుల దేశంలో సాహిత్యమా అట!

ఇప్పుడే ఒక పుస్తకావిష్కరణ సభ నుంచి వచ్చాను, ఒళ్ళు ఇంకా మండుతూనే ఉంది. టీ దగ్గర ఫిలిప్పీన్స్ నవలల ఊసెత్తానో లేదో, ఒక పెద్దాయన పకోడీ నములుతూ "అక్కడ సాహిత్యం కూడా ఉందా డాక్టరమ్మా? నర్సుల దేశం కదా!" అన్నారు. చుట్టూ నవ్వులు. నేను అక్కడి దవావో నగరంలోనే మెడిసిన్ చదివొచ్చినదాన్ని, ఆ నవ్వులో నాకూ వాటా ఉందన్నమాట.

సారూ, ఆ దేశంలో హోసే రిజాల్ అని ఒకాయన ఉండేవాడు. కళ్ళ డాక్టరు. 1887లో బెర్లిన్‌లో నవల అచ్చేయించి, అప్పట్లో ఆ దేశాన్ని ఏలుతున్న స్పెయిన్ దొరల నిద్ర చెడగొట్టాడు. 1896లో మనీలాలో నిలబెట్టి కాల్చేశారు. ఆయన నవలలు కాలేజీల్లో చదివి తీరాలని 1956లో చట్టమే చేశారు. మన దగ్గరేమో శాలువా కప్పి, చదవకుండానే మెచ్చుకుంటారు.

"అయినా వాళ్ళు రాసేది ఇంగ్లిష్‌లోనే కదండీ" అని ఇంకొకాయన తీర్పు! స్పెయిన్ తర్వాత ఏలిన అమెరికా వాళ్ళొచ్చి బడుల్లో ఇంగ్లిష్ పెట్టారు, నిజమే, గొప్ప కథలూ వచ్చాయి. మరి 1922 నుంచి అక్కడి సొంత భాష టగాలోగ్‌లో వస్తున్న 'లివాయ్‌వాయ్' పత్రిక సంగతి? ఎడ్గార్డో రేయెస్ అనే రచయిత నవల ఒకటి అందులోనే సీరియల్‌గా వచ్చింది. మాయమైన ప్రియురాలి కోసం పల్లె నుంచి మనీలా వచ్చి, కట్టడాల దగ్గర కూలిపని చేసే కుర్రాడి కథ. దవావోలో మా ఇంటి ఓనరమ్మ మంచం కింద, అక్కడి మరో భాష సెబువానోలో వచ్చే 'బిసాయా' పత్రిక పాత సంచికలు అట్టపెట్టె నిండా ఉండేవి. చీపురు తగిలినా ఊరుకునేది కాదు.

ఆ పెట్టె చూసినప్పుడల్లా మా అమ్మే గుర్తొచ్చేది. వారపత్రికల్లో సీరియళ్ళు చింపి, దబ్బనంతో కుట్టి, పాత క్యాలెండర్ అట్టలు వేసేది. ఇంటికొచ్చిన ఒక లెక్చరర్ గారు వాటిని రెండు వేళ్ళతో ఎత్తి "ఇవీ నవలలేనా అమ్మా?" అన్నారు. ఆయన చేతిలో ఇంగ్లిష్ పుస్తకం ఉంది మరి. అమ్మ ఏమీ అనలేదు, కాఫీ ఇచ్చింది. తర్వాతి వారమే ఆ కుట్లన్నీ పాత పేపర్లవాడి తక్కెడలోకి వెళ్ళాయి. ఇవాళ పకోడీ తిన్నాయన గొంతు అచ్చం ఆ గొంతే.